కాళ్లు పట్టుకునే ఉద్యోగం

ఉద్యోగం కోసం కాళ్లు పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. కాళ్లు పట్టుకోవడమే ఉద్యోగమైన మనిషిని మాత్రం మా వదిననే చూశాను. ఆవిడ గుర్రప్పందేల మైదానంలో డాక్టరు. పందెం ఉన్న రోజు పొద్దున్నే, ఆ రోజు పరిగెత్తబోయే ప్రతి గుర్రం దగ్గరికీ వెళ్లి, కళ్లు చూసి, ఊపిరి విని, గట్టి నేల మీద నడిపించి, పరిగెత్తించి, చివరికి వంగి కాళ్లు తడిమి, "ఇది పరిగెత్తొచ్చు" అనో, "ఇది ఇవాళ కొట్టం దాటకూడదు" అనో చెప్పడం ఆవిడ పని. జెండాలూ, టిక్కెట్లూ, బైనాక్యులర్లూ, టోపీల పెద్దమనుషులూ అందరూ ఆ మాట తర్వాతే.

నేను అదే మైదానంలో గుర్రాలకి నాడాలు కొడతాను. ఇంట్లో ఆవిడ నన్ను "ఒరేయ్" అంటుంది, మైదానంలో "ఏమండీ నాడాలాయనా" అంటుంది. మరిదినని పనిలో వీసమెత్తు మినహాయింపు ఇవ్వదు. ఒకసారి నేను కొట్టిన నాడా రవ్వంత పక్కకి ఉందని నలుగురి ముందూ విప్పించింది. సాయంత్రం ఇంట్లో కాఫీ చేతికిస్తూ, "కోపమొచ్చిందా?" అంది. "రాదా మరి?" అన్నాను. "వస్తే రానీ, నాడా మాత్రం తిన్నగా కొట్టు" అంది. ఆవిడతో అదీ కష్టం. కోపం కూడా పూర్తిగా పడనివ్వదు.

మైదానంలో డాక్టర్లు రెండు రకాలు. కొట్టాలవాళ్లు తమ జీతానికి పెట్టుకున్న డాక్టర్లు గుర్రాన్ని పరుగుకి తయారు చేస్తారు. మైదానం డాక్టరు ఆ తయారీని నమ్మకుండా చూడాలి. నమ్మకపోవడానికే ఆ జీతం. మా వదిన ఆ జీతం తీసుకుంటూ లోకంలో ఒక్క మనిషిని మాత్రం నమ్మింది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ సంగతే. చెప్తూ చెప్తూ మధ్యలో నోరు జారితే ఏమనుకోకండి, నా కడుపు మంట నాది.

చేరిన కొత్తలో ఆవిడకి ఇచ్చింది చిన్న పని. గెలిచిన గుర్రానికి ఏదైనా మందు ఎక్కించారేమోనని మూత్రం పరీక్ష చేస్తారు. గుర్రం మూత్రం పొయ్యాలంటే దాని పక్కన నిలబడి సన్నగా ఈల వెయ్యాలి. నవ్వకండి, నిజం. వదిన పొడుగు కర్రకి కట్టిన గిన్నె ఒకటి పట్టుకుని, ఈల వేస్తూ, గుర్రం దయ కోసం నిలబడేది. పట్టినదాన్ని రెండు సీసాల్లో పోసి, గుర్రం తాలూకు మనిషి కళ్లముందే సీలు వేసేది. ఒకటి పరీక్షకి, రెండోది ఎవరైనా తకరారు పెడితే మళ్లీ చూడ్డానికి. అలవాటు కొద్దీ ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా ఈల వేసేది. మా అన్నయ్య స్కూల్లో లెక్కల మాస్టారు. పేపరు పక్కన పెట్టి, "నాకిప్పుడు రావట్లేదే" అనేవాడు. మా అమ్మ మాత్రం తల కొట్టుకునేది. "గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అంటే విన్నాను గానీ, మంచి గుర్రానికి ఈల వెయ్యడమేంటే? ఇంత చదువూ చదివింది ఇందుకా?"

ఆ ఈలల పని నుంచి వదినని పైకి తెచ్చింది పెద్దాయన. అప్పట్లో మైదానానికి ముఖ్య డాక్టరు ఆయనే. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉండేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పొగరుబోతు గుర్రాలు కూడా ఆయన దగ్గర బుద్ధిగా నిలబడేవి. ఒకరోజు వదినని పిలిచి, "ఆ గిన్నె అక్కడ పెట్టేసి రామ్మా. నీ చెయ్యి చూస్తే గిన్నె పట్టుకునే చెయ్యిలా లేదు" అన్నాడట. ఆ మాట వదిన ఇంటికొచ్చి మా అందరికీ విడివిడిగా చెప్పింది. నాకు రెండుసార్లు చెప్పింది.

ఆయన నేర్పింది కాళ్లు తడమడం. వినడానికి ఏముంది అనిపిస్తుంది. గుర్రం ముందుకాలికి మోకాలి కింద నుంచి, వెనక వైపు, తాడులాంటి నరం ఒకటి దిగుతుంది. పరుగులో ఉన్నప్పుడు దాని బరువూ వేగమూ ఆ తాడు మీదే. అది లోపల చిట్లడం మొదలైనప్పుడు గుర్రం కుంటదు, తిండి మానదు, చెప్పడానికి నోరు లేదు. ఆ చోట కాలు కాస్త వెచ్చబడుతుంది, అంతే. ఆ వెచ్చదనం డాక్టరు చేతికి దొరకాలి. దొరక్కపోతే ఆ తాడు గుర్రం నిండు వేగంలో ఉన్నప్పుడు తెగుతుంది. అప్పుడు పైనున్న జాకీ ఎక్కడ పడతాడో, వెనక వచ్చే గుర్రాలు ఎవర్ని తొక్కుతాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

చేతికి ఉంగరం, వాచీ ఉండకూడదన్నాడు పెద్దాయన. తడిమే ముందు చేతిని కాసేపు జేబులో ఉంచుకోవాలన్నాడు. అరచేతితో కాదు, చేతి వెనక వైపుతో చూడాలన్నాడు. వదిన ఆ ఏడాదంతా కనిపించిన వస్తువునల్లా చేతి వెనక వైపుతో ముట్టుకునేది. కాఫీ గ్లాసు, ఇస్త్రీ చొక్కా, మా అన్నయ్య నుదురు, నా స్కూటర్ ఇంజను, అన్నీ ఆవిడకి పాఠాలే. జ్వరం వచ్చిందని స్కూలు ఎగ్గొట్టబోయిన మా అన్నయ్యని, అంటే మాస్టారినే లెండి, ఒక్క స్పర్శతో లేపి పంపించేసింది.

పెద్దాయన సూత్రాలు వదిన మాకు వల్లించేది. "కాలు తడిగా ఉంటే నమ్మకమ్మా. ఐసు పెట్టి వేడి దాస్తారు. ఆరాక తీసుకురమ్మను." అది మొదటిది. "ఒక కాలు చూసి చెప్పకు, పక్క కాలుతో పోల్చు. గుర్రాన్ని ఆ గుర్రంతోనే కొలవాలి." అది రెండోది. మూడోది చెప్పినప్పుడు వదిన మొహం వెలిగిపోయింది. "ముందుకాళ్లు రెండూ కలిస్తే ఇంక వెనక్కి వెళ్లకమ్మా. బరువంతా ముందుకాళ్ల మీదే కదా. వెనక కాళ్ల దగ్గర ఊరికే తన్నులు తింటావు. ఇలాంటి చెయ్యి విరిగితే నాకు ఇంకోటి దొరకదు" అన్నాడట.

"సొంత కూతురికి చెప్పినట్టు చెప్పారురా" అంది నాతో.

నాడాలు కొట్టేవాడి బతుకు సగం వెనక కాళ్ల మధ్యే గడుస్తుంది. "మీ గురువుగారి ప్రేమ నా దాకా రాలేదన్నమాట. నేను తన్నులు తిన్నా పర్లేదు" అని ఏడిపించాను. "నీ చెయ్యి విరిగితే ఇంకోటి దొరుకుతుందిలే" అంది.

పెద్దాయన రిటైరయ్యేటప్పుడు ఆ కుర్చీకి వదిన కంటే ముందు వరసలో ఉన్నవాళ్లు ఉన్నారు. ఆయనే మైదానం కమిటీ ముందు నిలబడి, "ఆ చెయ్యి నేను తయారు చేసింది. నా చేతిని నమ్మినట్టే నమ్మండి" అని చెప్పాడు. వదినకి ఉద్యోగం వచ్చింది. ఆయనేమో మైదానంలో అన్నిటికంటే పెద్ద కొట్టానికి సలహాదారుగా వెళ్లాడు. జీతానికి కాదు, స్నేహంగా, అని చెప్పుకునేవాళ్లు. ముఖ్య డాక్టరుగా చేసిన మనిషి అలా ఒక కొట్టంలో కూర్చోవడమేంటని నాకు కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది. వదిన మాత్రం సంతోషపడింది. "ఆయన ఉన్నచోట తప్పు జరగదురా. నాకు ఒక బెంగ తగ్గింది" అంది.

ఆ కుర్చీలో వదిన ఎలా పని చేసిందో జాకీలని అడగాలి. పందెం వేసేవాళ్లకి గుర్రం గెలుస్తుందా లేదా అన్నదే బెంగ. జాకీకి సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తానా లేదా అన్నది బెంగ. ఒకసారి అందరూ గెలుస్తుందనుకున్న గుర్రాన్ని వదిన పొద్దున్నే ఆపేసింది. యజమాని ఆవిడ మొహం మీదే అరిచాడు. "చెయ్యి పెట్టి జ్వరం చెప్పడానికి మీరేమైనా మా అమ్మమ్మా?" అన్నాడు. మర్నాడు స్కానింగులో కాలి నరం చిట్లిందని తేలింది. ఆయన క్షమాపణ చెప్పలేదు గానీ, ఆ రోజు నుంచి జాకీలు వదిన కనిపిస్తే టోపీ తియ్యడం మొదలెట్టారు.

వాళ్లలో పిచ్చుక అని ఒకడున్నాడు. బక్కపలచటి మనిషి, నోరు ఒక్క నిమిషం ఊరుకోదు, అందుకని ఆ పేరు. గుర్రం ఎక్కే ముందు ప్రతిసారీ వదినని వెతుక్కుంటూ వచ్చేవాడు.

"మేడం, చెయ్యి పడిందా?"

"పడింది."

"అయితే నాకు రెక్కలొచ్చినట్టే" అని ఎక్కేవాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు వాడికి. వాళ్ల ఫోటో చొక్కా లోపల పెట్టుకునేవాడు.

పెద్ద కొట్టంలో గడుగ్గాయి అని ఒక గుర్రం ఉండేది. కాగితాల మీద దానికి వేరే గొప్ప పేరుంది గానీ, దాని వేషాలు చూసి అందరూ అలాగే పిలిచేవాళ్లం. నేను నాడా కొడుతుంటే నా జేబులో రుమాలు లాగేసేది. ఆ ఏడు అన్నిటికంటే పెద్ద పందెంలో అది పరిగెత్తాలి, పిచ్చుక ఎక్కాలి. ఆ పొద్దున వదిన దాన్ని చూసింది. నడిపించింది, పరిగెత్తించింది. కుంటలేదు. కాళ్ల మీద వెంట్రుకలు పొడిగా ఉన్నాయి. ముందుకాళ్లు రెండూ చేతి వెనక వైపుతో తడిమింది, వేడి లేదు, ఒకదానికీ ఒకదానికీ తేడా లేదు. "బాగుంది" అంది. గుర్రాన్ని పట్టుకున్న మనిషి తల దించుకుని దాన్ని లోపలికి తీసుకుపోయాడు.

చివరి మలుపులో గడుగ్గాయి ముందుకాలు మడతపడింది. అన్నిటికంటే ముందుంది అప్పుడు. అది పడింది, పిచ్చుక దాని తల మీదుగా ఎగిరి పడ్డాడు, వెనక వస్తున్న గుర్రం ఒకటి వాడి నడుము మీద కాలు వేసి దాటింది. పందెం వెనకాలే డాక్టరు కారులో వస్తున్న వదిన దిగి పరిగెత్తింది. జనానికి కనపడకుండా అడ్డంగా తెర పట్టమని ఆవిడే చెప్పాలి. కోలుకోని గుర్రానికి సూది మందు ఇచ్చి నిద్రపుచ్చాల్సిందీ ఆవిడే. ఇచ్చే ముందు ఆ కాలు పట్టుకుంది. తెగిన నరం పక్కన గట్టిపడిన పాత వాపు ఒకటి చేతికి తగిలింది. అప్పటికప్పుడు వచ్చింది కాదది. చాలా రోజుల నాటిది.

తర్వాత కోసి చూసినవాళ్లూ అదే చెప్పారు: పాత దెబ్బ. అంటే పొద్దున ఆ కాలు వెచ్చగా ఉండి తీరాలి. చచ్చిన గుర్రం నుంచి తీసిన మూత్రంలోనూ ఏ మందూ తేలలేదు. ఇక మిగిలింది రెండే మాటలు. మా వదినకి పని రాదు, లేదా మా వదిన అమ్ముడుపోయింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు మైదానంలో. టీ కొట్టు దగ్గర ఒకడు ఆ మాట నా చెవిన పడేలా అన్నాడు. వాడి కాలరు పట్టుకున్నాను. నాకు సిగ్గేం లేదు, మళ్లీ అంటే మళ్లీ పట్టుకుంటాను.

వదిన పిచ్చుకని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లింది. నన్ను తోడు రమ్మంది. వాడి నడుము ఎముక విరిగింది. నడుస్తాడు గానీ గుర్రం ఎక్కలేడని చెప్పేశారు. ఎప్పుడూ వాగే మనిషి మంచం మీద నోరు మూసుకుని పడుకుని ఉన్నాడు. వదిన పక్కన నిలబడింది.

"మీరు చూశారు కదా మేడం?" అన్నాడు.

"చూశాను."

"చెయ్యి పెట్టే చూశారా?"

"చెయ్యి పెట్టే చూశానయ్యా."

వాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మేం వచ్చేసే దాకా మళ్లీ ఇటు తిరగలేదు. మెట్లు దిగుతూ వదిన, "వాడు తిట్టినా బాగుండేదిరా" అంది. ఇంట్లో రోజూ తన కుడిచెయ్యి కేసి చూసుకుంటూ కూర్చునేది. లైసెన్సు పోతుందేమోనన్న భయం ఉంది, లేదని కాదు. కానీ ఆవిణ్ని తినేస్తున్నది వేరే. తన చెయ్యి తనతో ఎందుకు అబద్ధం చెప్పిందో తెలియాలి. అది తెలియకుండా ఇంకో గుర్రం మీద చెయ్యి వెయ్యలేనని మా అన్నయ్యతో అంది.

విచారణ రోజున నన్ను కూడా పిలిచారు, ఆ గుర్రానికి నాడాలు కొట్టింది నేనే కాబట్టి. పొడుగాటి బల్ల, గోడల నిండా గెలిచిన గుర్రాల ఫోటోలు, అధ్యక్షుడికి అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. చివరి కుర్చీలో, సలహా ఇవ్వడానికి పిలిపించిన అనుభవజ్ఞుడిగా, పెద్దాయన. ఆ కొట్టంలో జీతగాడు కాడు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదట. తెల్లచొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. ఆయన్ని చూడగానే ఇన్నాళ్ల తర్వాత వదిన మొహంలో రక్తం కనిపించింది. నా చెవిలో, "పెద్దాయన ఉన్నారురా, ఇంక పర్లేదు" అంది.

నాడాల గురించి నన్ను అడిగి, సరే అని కూర్చోమన్నారు. తర్వాత వదినని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పింది. "కుంటలేదు. కాళ్లు తడి లేవు. తడిమి చూశాను. వేడి లేదు, తేడా లేదు."

అధ్యక్షుడు పెద్దాయన వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నాడు.

పెద్దాయన కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. మాట్లాడటం ఎంత కష్టంగా ఉందో అందరికీ కనపడేంత సేపు ఆగాడు. "నా శిష్యురాలండీ. నా నోటితో చెప్పాల్సి రావడం నా ఖర్మ. వేడి లేదు అనుకోవడం వేరు, కాలు ఉండాల్సినంత వెచ్చగా లేదని పసిగట్టడం వేరు. ముందుకాళ్లు రెండూ ఒకేలా చల్లగా ఉన్నాయంటేనే అనుమానం రావాలి. వెనక కాళ్లు ఒకసారి పట్టుకుని ఉంటే దొరికిపోయేది. అమ్మాయి తొందరపడింది. వయసు అలాంటిది, అహంకారం అనను."

వయసట! మా వదినకి చెవుల దగ్గర నెరిసింది.

వదిన చెయ్యి బల్ల మీద ఉంది. ఆవిడ దాన్ని తిప్పి, వెనక వైపు చూసుకుంది. ఆ చేతికి అప్పుడు గుర్తొచ్చింది. అవును, ఆ కాళ్లు చల్లగా ఉన్నాయి. వేడి కోసం వెతికిన చెయ్యి వేడి లేదని సంతోషించింది గానీ, చల్లదనం గురించి ఆలోచించలేదు.

"చల్లగా ఉన్నాయని నేను చెప్పలేదండీ" అంది మెల్లిగా.

ఆయన వైపు తిరిగింది.

"నేనే ఇప్పటిదాకా అనుకోలేదు. మీకెలా తెలిసింది గురువుగారూ?"

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అనుభవం తల్లీ. పాత దెబ్బ ఉన్న కాలు వెచ్చగా ఉండాలి. నీకు తగల్లేదంటే ఎవరో చల్లబరిచారనే కదా అర్థం. ఆ మాత్రం ఊహించలేనా?" అధ్యక్షుడు తల ఊపాడు. సభ్యులిద్దరూ తల ఊపారు.

"వెనక్కి వెళ్లొద్దని మీరే కదండీ నాకు చెప్పింది?"

"నేనా?" అన్నాడు పెద్దాయన. చిన్నగా నవ్వాడు, జాలిగా. "ఏ గురువైనా అలా చెప్తాడా అమ్మా?"

ఆ నవ్వు చూసి సభ్యుల్లో ఒకాయన కూడా నవ్వాడు. నేను లేవబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ చెయ్యి చన్నీళ్లలో పెట్టి తీసినట్టుంది. సాయంత్రానికి తేల్చేశారు: అజాగ్రత్త, లైసెన్సు రద్దు, ఏ మైదానంలోనూ గుర్రాన్ని పరీక్షించే అర్హత లేదు. ఆ కాళ్లు చల్లబరిచిందెవరని ఒక్కరూ అడగలేదు. అమ్ముడుపోయిందన్న మాట మాత్రం కొట్టేశారు, పెద్దాయన చెప్పబట్టి. "ఆ పిల్ల నిజాయితీకి నేను పూచీ" అన్నాడట. ఎంత పెద్ద మనసో చూడండి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకైతే పట్టాలనే ఉంది. పేపరువాళ్ల దగ్గరికి వెళ్దామన్నాను, ఆ గుర్రాన్ని పట్టుకున్న మనిషిని వెతుకుదామన్నాను. వాడు అప్పటికే పని మానేసి ఎటో వెళ్లిపోయాడు. వదిన అవేవీ వినలేదు. "ముందు ఆయన్ని అడగాలి" అంది. నేను స్కూటర్ తీశాను.

పెద్దాయన ఇంటి ముందు కుండీల్లో మొక్కలకి ఎండుటాకులు కత్తిరిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఉలిక్కిపడలేదు. "రామ్మా" అన్నాడు, మామూలుగా. వదిన గేటు దగ్గరే ఆగిపోయింది.

"అంతమంది ముందు అబద్ధమెందుకు చెప్పారండీ?"

"ఇంకేం చెప్పమంటావమ్మా? నాకూ ఈ వయసులో ఒక పేరుంది కదా."

"కాళ్లు తడవకుండా చల్లబరిచే ఉపాయం కొట్టంవాళ్లకి మీరే చెప్పారా?"

ఆయన ఇంకో ఆకు కత్తిరించాడు. "వాళ్లు అడిగారు, చెప్పాను. ఐసుని ప్లాస్టిక్‌లో చుట్టి కడితే చర్మం తడవదు. గుర్రం ఆ ఒక్క పందెం లాగేస్తుందనే అనుకున్నాను. పిచ్చుక విషయంలో నాకూ బాధగానే ఉంది."

"నేను ఎక్కడ చూస్తానో, ఎక్కడ చూడనో కూడా చెప్పారా?"

"అది చెప్పడానికేముంది? అందరికీ అలాగే నేర్పాను. నీకొక్కదానికే కాదు. మా కాలం పద్ధతే అది" అన్నాడు. ఆ తర్వాత కత్తెర పక్కన పెట్టి, ప్రేమగా, అవును ప్రేమగానే, "నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. నేను నేర్పినట్టే చూశావు" అన్నాడు.

ఆ కత్తెర నా చేతికి దగ్గర్లోనే ఉంది. చెప్తున్నాను, ఉన్నదే చెప్తున్నాను. కానీ వదిన అప్పటికే వెనక్కి తిరిగింది.

నమ్మించి గొంతు కోశాడు ముసలాడు అని దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. ఇంటి ముందు దిగాక వదిన అంది: "ఎంతైనా, నాకు నేర్పినప్పుడు నిజంగానే నేర్పారురా. నా చెయ్యి తన్నులు తినకూడదనే చెప్పారు. తర్వాత చెడిపోయారు. ఆ కొట్టంలో చేరాకే చెడిపోయారు. మనిషన్నాక చెడిపోడా?" నాతో కాదు, తనతో తనే చెప్పుకుంటోంది. ఉద్యోగం పోయింది, పేరు పోయింది, పిచ్చుక మొహం తిప్పుకున్నాడు. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క ఏడాదే, గిన్నె పక్కన పెట్టి రామ్మా అన్న ఏడాది. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

వార్త తెలిసి, వదిన కాలేజీ స్నేహితురాలు ఫోను చేసింది. ఆవిడా గుర్రాల డాక్టరే. వదినకి ముందు ఏడాది పెద్దాయన దగ్గరే పని నేర్చుకుని, దూరంగా ఇంకో మైదానంలో చేరింది. వదిన బెండకాయలు తరుగుతోంది, చేతులు జిగురుగా ఉన్నాయని నన్ను ఫోను స్పీకర్‌లో పెట్టమంది. స్నేహితురాలు కమిటీని తిట్టింది, కొట్టంవాళ్లని తిట్టింది, జరిగిందంతా వదిన చేత చెప్పించుకుంది. పెద్దాయన ఉపాయం సంగతి మాత్రం వదిన చెప్పలేదు. కాళ్లు చల్లబరిచారని మాత్రమే చెప్పింది.

"ముందుకాళ్లు రెండూ చల్లబరిస్తే మాత్రం, నీకు తెలియకపోవడమేంటే?" అంది స్నేహితురాలు. "వెనక కాళ్లు పట్టుకోగానే తెలిసిపోవాలి కదా."

"వెనక కాళ్లు నేను చూడను."

"చూడవా? అదేంటి! పెద్దాయన మొదటి రోజు నేర్పేదే అది కదే. 'వెనక నుంచి మొదలెట్టు, దొంగవెధవలు ముందుకాళ్లే సర్దుతారు' అనేవారు. నేను ఒకసారి మర్చిపోతే చేతి మీద ఒక్కటి వేశారు కూడా. నాకే కాదు, నా ముందున్నవాళ్లకీ అంతే."

వదిన కత్తిపీట మీంచి చెయ్యి తీసింది. "తన్నుతాయి, వెళ్లొద్దు అనలేదా నీతో?"

"తన్నితే తన్నించుకో అనేవారు!" స్నేహితురాలు నవ్వింది. "అయినా ఆయనకి నువ్వంటే ప్రత్యేకమే కదే మొదట్నుంచీ. నేను అక్కడే ఉండిపోతానని ఎంత బతిమాలానో తెలుసా? ఒప్పుకోలేదు. 'నువ్వు వేరే మైదానానికి వెళ్లిపో, నా తర్వాత ఇక్కడ కూర్చోడానికి వేరే పిల్లని తయారు చేసుకుంటాను' అన్నారు. నీ మీద అప్పట్లో ఎంత కుళ్లుకున్నానో!"

"అవునే" అంది వదిన. "నన్నే తయారు చేసుకున్నారు."

నేను ఫోను కట్టేశాను. వదిన అలాగే కూర్చుని, ఒక్కసారిగా ఏడవడం మొదలెట్టింది. పిచ్చుక గోడ వైపు తిరిగినప్పుడు ఏడవలేదు, కమిటీ గదిలో ఏడవలేదు, ఆయన గేటు దగ్గర ఏడవలేదు. ఇప్పుడు జిగురు చేతులు మొహానికి తగలకుండా దూరంగా పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. లోపల పేపర్లు దిద్దుకుంటున్న మా అన్నయ్య కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ" అంది వదిన. "నాకసలు గురువే లేడు."